విద్యుద్ఘటముల కొలత



కొలత తెలియని బేరము కన్నులు మూసికొని చేసిన బేరమువంటిది. పల్లెలో వడ్లు కొనువాడు కుంచమును చూచి కొనును. నేయి కొనువాడు సోలను చూచి కొనును. పొలము కొనువాడు గొలుసు పట్టించి కొలిపించును. ఇవి యన్నియు కంటికి కానవచ్చునవి, చేతికి అందునవి. అయినను కొలవకయే రూక చెల్లించు రైతు లేడు. కాని కంటికి కానరాని సరకొకటి నేడు ప్రతి యింటను నిలువ యుండుచున్నది. టార్చిలైటునందును, సెల్‌ఫోనునందును, మందు కొట్టు స్ప్రేయరునందును, కరెంటు పోయినపుడు దీపము వెలిగించు ఇన్వర్టరునందును, బ్యాటరీ బండియందును నిలువయుండు విద్యుత్తే యా సరకు. దానిని నిలువచేయు పాత్రకే బ్యాటరీ యని పేరు. ఆ పాత్రమీద అచ్చువేసిన అంకెలను చదివి, లెక్కకట్టి కొనువారు మాత్రము అరుదు. అంకె పెద్దదైనచో సరకును పెద్దదని నమ్మి కొనుటయే వాడుకయైనది. ఈ ప్రసంగమునకు విషయము ఆ యంకెలే.

ఇది వినోదమునకై చెప్పు సంగతి కాదు. రాత్రివేళ మోటారు వేయబోవు రైతునకు చేలగట్టు నడుమ టార్చిలైటు ఆరిపోయినచో, పాము పుట్ర యుండు త్రోవలో అతని ప్రాణమునకే ముప్పు. పరీక్షలకు చదువుకొను పిల్లవాని దీపము రెండు గంటలకే మసకబారినచో ఆ రాత్రి చదువు అంతటితో సరి. ఇన్వర్టరు బ్యాటరీ ఒక్కటి కొనుటకు వేల రూపాయలు కావలెను. ఇంత ప్రయోజనము గల వస్తువునకు కొలత తెలిసికొనక కొనుట తగదు.

ఘటములు రెండు తెఱగులు. ఒకసారి వాడి పాఱవేయునవి కొన్ని; మరల మరల నింపుకొనదగినవి కొన్ని. శాస్త్రగ్రంథములలో మొదటివానిని ప్రాథమిక ఘటములనియు, రెండవవానిని సంచాయక ఘటములనియు అందురు. వాడుకలో రెండును సెల్లులే, రెండును బ్యాటరీలే. ఒంటిగా నున్నది సెల్లు, కొన్నింటిని కూర్చినది బ్యాటరీ యనుట సరియైన భేదము.

సంచాయక ఘటము స్వభావము తెలియుటకు భారతకథ యొకటి చాలును. అరణ్యపర్వమున సూర్యభగవానుడు ధర్మరాజునకు అక్షయపాత్ర నొసగెను. ద్రౌపది భుజించువఱకే యది అన్నమిడును. ఆమె భుజించిన పిదప ఆనాటికది రిక్తము; మరునాడు గాని నిండదు. అక్షయమని పేరు పడిన పాత్రకు సైతము హద్దును, వేళయు కలవన్నమాట. సంచాయక ఘటమును అట్టిదే. దాని హద్దు ఎంతయో, ఎంతసేపటికి రిక్తమగునో అంకెలలో చెప్పవచ్చును. చెప్పినవాడు నిజము చెప్పెనో లేదో తెలిసికొనుటకును అంకెలే సాధనము.

ఈ ఘటములు పుట్టిన చరిత్ర సంగ్రహముగా నిది. 1800 సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా పండితుడు జింకు, వెండి బిళ్ళలను, ఉప్పునీట తడిపిన అట్టలను వరుసగా పేర్చి తొలి విద్యుద్ఘటమాలను ప్రకటించెను. వోల్టు అను కొలతకు ఆయన పేరే వచ్చినది. 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లమున నుంచి, మరల నింపదగిన ఘటమును నిర్మించెను. నేటి ఇన్వర్టరు బ్యాటరీ, ట్రాక్టరు బ్యాటరీ ఆ వంశమునకు చెందినవే. 1899లో స్వీడను దేశీయుడు వాల్డెమార్ యుంగ్నర్ నికెలు, కాడ్మియములతో వేఱొక ఘటమును చేసెను. కాడ్మియము విషపదార్థము గనుక, తరువాతి కాలమున దాని తావున హైడ్రైడు గల నికెలు ఘటము వాడుకలోనికి వచ్చినది. 1991లో జపాను దేశపు సోనీ సంస్థ లిథియం అయాన్ ఘటమును విపణికి తెచ్చెను. దాని నిర్మాణమునకు మూలమైన పరిశోధనలకై గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను ముగ్గురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మీయబడినది.

ఇక కొలతలు. ఘటముమీద చూడదగిన కొలతలు మూడు. మొదటిది ఆకారపరిమాణము, రెండవది వోల్టు, మూడవది సామర్థ్యము. ఈ మూటిని ఒండొంటితో కలగాపులగము చేయుటయే సకల భ్రమలకును కారణము.

మొదట పరిమాణము. టీవీ రిమోటులో వేయు రెండు విధముల సన్న సెల్లులను చూడవచ్చును. పెన్సిలు సెల్లని పిలువబడునది ఏఏ పరిమాణము. దాని అడ్డుకొలత సుమారు 14.5 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 50.5 మిల్లీమీటర్లు. అంతకంటె సన్ననిది ఏఏఏ, అడ్డము 10.5, పొడవు 44.5 మిల్లీమీటర్లు. పాతకాలపు పెద్ద టార్చిలైటులలో వేయు లావు సెల్లు డి పరిమాణము. అడ్డము సుమారు 34, పొడవు సుమారు 61 మిల్లీమీటర్లు. అక్షరములు పెరిగినకొలది సెల్లు సన్నమగుట ఇందలి వింత. ఈ పేరు ఆకారమును మాత్రమే తెలుపును. లోపలి సరకు ఎంతయో తెలుపదు.

లిథియం ఘటములకు అంకెలే పేర్లు. 18650 అని వ్రాసియున్నచో 18 మిల్లీమీటర్ల అడ్డము, 65 మిల్లీమీటర్ల పొడవు; తుది సున్న అది గుండ్రని గొట్టమని తెలుపును. 21700 అనిన 21 మిల్లీమీటర్ల అడ్డము, 70 మిల్లీమీటర్ల పొడవు. కొంద రీ 18650 అను అంకెను చూచి అదియే సామర్థ్యమని భ్రమపడుదురు. అది పాత్ర కొలతయే గాని పాత్రలోని పాల కొలత కాదు. చేతి గడియారములలోను, తాళపుచెవులలోను ఉండు బిళ్ళ సెల్లునకు 2032 అని పేరు. అడ్డము 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు అని యర్థము. వాని పేరు సి, ఆర్ అను అక్షరములతో మొదలైనచో అది నింపదగినది కాదు. దానిని చార్జరున పెట్టుట అపాయము.

ఆకారము ఒక్కటైనను సరకు వేఱగుటకు రెండు దృష్టాంతములు. నింపుకొను డి సెల్లులని అమ్మువానిలో కొన్నింటి గొట్టము మాత్రమే పెద్దది. లోపల కూర్చున్నది పెన్సిలు సెల్లంతటి ఘటము. అట్టి సెల్లుమీద 2,500 అంకె యుండును. నిజమైన నికెలు డి సెల్లుమీద 8,000 మొదలు 10,000 వఱకు నుండును. తక్కెడలో వేసి చూచినను తెలియును. నిండు డి సెల్లు సుమారు 150 గ్రాములు తూగును. డొల్ల సెల్లు అందు సగమైనను తూగదు. రెండవ దృష్టాంతము 14500 అను లిథియం ఘటము. అది అచ్చముగా పెన్సిలు సెల్లు వలెనే యుండి పెన్సిలు సెల్లు గూటిలోనే ఇముడును. కాని దాని వోల్టు రెండింతలకు మించినది. తెలియక రిమోటులో వేసినచో రిమోటు చెడును. కావున గూటిలో ఇమిడినంత మాత్రమున తగినదని తలంపరాదు.

రెండవది వోల్టు. ఇది ఘటములోని రసాయనమును బట్టి యుండును. ఘటము చిన్నదగుట పెద్దదగుటను బట్టి యుండదు. సీసపు ఘటము ఒక్కంటికి 2 వోల్టులు. ఆరు ఘటములు వరుసగా చేర్చిన 12 వోల్టుల బ్యాటరీ యగును. నికెలు ఘటమునకు 1.2 వోల్టులు. లిథియం అయాన్ ఘటమునకు 3.6 లేక 3.7 వోల్టులు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు అను జాతికి 3.2 వోల్టులు, ఇవి నాలుగు చేర్చిన 12.8 వోల్టులగును. పాఱవేయు సెల్లుమీద 1.5 వోల్టులుండగా నింపుకొను పెన్సిలు సెల్లుమీద 1.2 మాత్రమే యున్నది, ఇది బలహీనము గదా యని కొందరి సందేహము. పాఱవేయు సెల్లు 1.5 వద్ద మొదలిడి వాడినకొలది క్రమముగా దిగజారును. నికెలు సెల్లు తుదివఱకు ఇంచుమించుగా 1.2 వద్దనే నిలుచును. కావున ఎక్కువ పనిముట్లు రెండింటితోను చక్కగా నడచును.

మూడవది సామర్థ్యము. ఇక్కడ చెఱువును తలచుకొనిన చాలును. చెఱువులో నీరు నిలిచిన ఎత్తు వోల్టువంటిది. తూమునుండి కాలువకు పారు ప్రవాహము ఆంపియరువంటిది. ఎన్ని గంటలు ఎంత పారినదో గుణించగా వచ్చు మొత్తము నీరు ఆంపియరు గంటలవంటిది. ఒక ఆంపియరు ప్రవాహము ఒక గంటసేపు సాగినచో ఒక ఆంపియరు గంట. లేబిలుమీద ఏ, హెచ్ అను రెండు ఆంగ్లాక్షరములు దీనికి గుర్తు. వానికి ముందు చిన్న ఎమ్ అక్షరమున్నచో మిల్లీ ఆంపియరు గంటలు. అట్టివి వేయి చేరిన ఒక ఆంపియరు గంట. 2,000 మిల్లీ ఆంపియరు గంటలనినను, 2 ఆంపియరు గంటలనినను ఒక్కటే. నూరు పైసలను రూపాయి యనుటవంటిది.

గంటలు కట్టుటకు త్రైరాశికము చాలును. సంస్కృతమున మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున గణితసారసంగ్రహమును రచింపగా, పావులూరి మల్లన దానిని తెలుగు చేసెను. తరతరముల లెక్కలవారు త్రైరాశికమును పావులూరి గణితముననే నేర్చిరి. దాని ప్రకారము, 2,000 మిల్లీ ఆంపియరు గంటల సెల్లునుండి దీపమొకటి 250 మిల్లీ ఆంపియర్లు తీసికొనుచున్నచో, 2,000ను 250తో భాగింపగా 8 గంటలు వచ్చును. 500 తీసికొనునది యైనచో 4 గంటలు.

ఇంతవఱకు సులభము. మోసమునకు తావిచ్చునది ఇకమీదటి మెట్టు. చెఱువు నీరు ఎంతయో చెప్పినంతనే అది ఎంత పని చేయునో తెలియదు. ఎంత ఎత్తునుండి దిగుచున్నదో గూడ తెలియవలెను. నూరు కడవల నీరు తాటిచెట్టెత్తునుండి దుమికినచో త్రిప్పు చక్రము వేఱు, మోకాలెత్తునుండి జాఱినచో త్రిప్పు చక్రము వేఱు. అట్లే ఆంపియరు గంటలను వోల్టులతో గుణించినప్పుడే ఘటము చేయగల పని తేలును. ఆ లబ్ధమునకు వాటు గంటలని పేరు. వాటు గంటలు వేయి చేరిన ఒక యూనిటు. ఇది కరెంటు బిల్లులోని యూనిటే. ఇందుచేత ప్రతి బ్యాటరీని ఇంటి బిల్లు భాషలో చెప్పుకొనవచ్చును. 12 వోల్టులు, 150 ఆంపియరు గంటల ఇన్వర్టరు బ్యాటరీ 1,800 వాటు గంటలు, అనగా 1.8 యూనిట్లు. చేతిలో పట్టుకొనిపోవు 10,000 మిల్లీ ఆంపియరు గంటల పవర్‌బ్యాంకు 10 ఆంపియరు గంటలు. లోపలి ఘటము 3.7 వోల్టులు, గుణింపగా 37 వాటు గంటలు. అట్టి పవర్‌బ్యాంకులు ఇరువదియేడు నిండుగా నున్నగాని ఒక యూనిటు కాదు.

దీనివలన కలుగు మేలొకటి చూడుడు. అంగడిలో రెండు దీపములున్నవి. ఒకదానిమీద 5,000, వేఱొకదానిమీద 4,500 అంకె. కొనువాడు మొదటిదే పెద్దదనును. కాని మొదటిది 3.7 వోల్టుల లిథియం ఘటము, గుణింపగా 18.5 వాటు గంటలు. రెండవది 6 వోల్టుల సీసపు బ్యాటరీ. గుణింపగా 27 వాటు గంటలు. చిన్న అంకె గలదే పెద్ద పాత్ర. రెండింటిని పోల్చుటకు ముందు వాటు గంటలుగా మార్చవలెను. ధరను ఆ వాటు గంటలతో భాగించి చూడవలెను. బ్యాటరీలను జతపరచుటలోను ఇదియే న్యాయము. 12 వోల్టుల 150 ఆంపియరు గంటల బ్యాటరీలు రెంటిని వరుసగా కలిపినచో 24 వోల్టులు, 150 ఆంపియరు గంటలు. ప్రక్కప్రక్కన కలిపినచో 12 వోల్టులు, 300 ఆంపియరు గంటలు. వాటు గంటలు రెండు విధముల 3,600 మాత్రమే. కలుపు తీరు మార్చినంత మాత్రమున సరకు పెరుగదు.

పవర్‌బ్యాంకు కొనినవారి ఫిర్యాదొకటి తఱచు వినవచ్చును. పదివేల అంకె గలది కొంటిమి, అయిదువేల అంకె గల ఫోను రెండు మాఱులు నిండలేదని. లెక్క చూచినచో కారణము తెలియును. 37 వాటు గంటలు లోపలి ఘటము కొలత. వెలుపలికి వచ్చునప్పుడు 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచవలెను. ఆ మార్పునందు కొంత విద్యుత్తు వేడిమిగా పోవును. ఫోను నిండునప్పుడు మరికొంత పోవును. అయిదువేల అంకె గల ఫోను బ్యాటరీ సుమారు 19 వాటు గంటలు. కావున ఒకటిన్నర మాఱులు నిండిన చాలునని యెంచవలెను. మంచి తయారీదారులు లోపలి సామర్థ్యముతో పాటు 5 వోల్టుల వద్ద వెలుపలికి వచ్చు సామర్థ్యమును గూడ చిన్న అక్షరములతో అచ్చువేయుదురు. కొనువాడు చదువవలసినది ఆ చిన్న అక్షరములనే. విమాన ప్రయాణీకులకు సైతము లెక్క వాటు గంటలలోనే. సాధారణముగా 100 వాటు గంటలవఱకు గల పవర్‌బ్యాంకును అనుమతితో పనిలేక చేతిసంచిలో నుంచుకొనవచ్చును. విమానసంస్థకు అప్పగించు పెట్టెలో పెట్టరాదు. అంగడులలో 27,000 దగ్గఱ అంకె ఆగిపోవుటకు కారణము ఇదియే. 27 ఆంపియరు గంటలను 3.7తో గుణింపగా 99.9 వచ్చును.

ఇక నాల్గవ సంగతి యొకటి కలదు. అది అంకె కాదు, అంకెకు చెప్పు షరతు. మానికెడు బియ్యమనినప్పుడు తలకొట్టి కొలిచిన మానికయో, శిఖ పోసి కొలిచిన మానికయో చెప్పనిదే లెక్క తేలదు. ఇన్వర్టరు బ్యాటరీమీద 150 ఆంపియరు గంటలు, దాని ప్రక్కన సి-20 అని యుండును. ఇరువది గంటలపాటు నెమ్మదిగా వాడినచో 150 వచ్చునని దాని యర్థము. అనగా 7.5 ఆంపియర్ల చొప్పున తీసినపుడు, 12 వోల్టుల బ్యాటరీ 10.5 వోల్టులకు దిగులోపల ఇరువది గంటలు గడచును. సౌరఫలకములకు వాడు బ్యాటరీలమీద తఱచు సి-10 అని యుండును. అది పది గంటలలో తీసిన లెక్క. సీసపు బ్యాటరీని వేగముగా పిండినకొలది అది ఇచ్చు మొత్తము తగ్గును. పెయికెర్ట్ అను జర్మను పండితుడు 1897లో దీనికి సూత్రము కట్టెను. కావున సి-20 లెక్కన 150 అను బ్యాటరీయు, సి-10 లెక్కన 150 అను బ్యాటరీయు సమానములు కావు. రెండవదే పెద్దది. ఈ భేద మడుగక ధర మాత్రమే పోల్చువాడు తలకొట్టిన మానికతో శిఖమానికను పోల్చువాడే. నికెలు పెన్సిలు సెల్లులకు అయిదు గంటలలో తీసిన లెక్క ప్రమాణము.

రైతునకు స్ప్రేయరు దృష్టాంతము దగ్గఱగా నుండును. 12 వోల్టులు, 8 ఆంపియరు గంటల సీసపు బ్యాటరీ గల స్ప్రేయరు మోటారు 3 ఆంపియర్లు తీసికొనుచున్నదనుకొనుడు. త్రైరాశికము 2 గంటల 40 నిముషములని చెప్పును. కాని 8 అను అంకె ఇరువది గంటల లెక్కది; అనగా 0.4 ఆంపియరు చొప్పున తీసినప్పటిది. 3 ఆంపియర్లు పిండునప్పుడు సుమారు రెండు గంటలకే అది అలసిపోవును. బ్యాటరీ చెడినదని ఆ రైతు అంగడివానితో కలహింపనక్కఱలేదు. రెండు గంటలకు సరిపడు పనినే నిర్ణయించుకొనవలెను, లేదా 12 ఆంపియరు గంటల దానిని కొనవలెను.

ఇప్పుడు గ్రంథాలయమునకు తగిన లెక్క. ఒక పఠనమందిరమున 9 వాటుల ఎల్‌ఈడీ దీపములు ఆఱు, 75 వాటుల పాతరకపు పంకాలు రెండు కలవనుకొందుము. దీపములకు 54, పంకాలకు 150. మొత్తము 204 వాటులు. 12 వోల్టుల 150 ఆంపియరు గంటల సీసపు బ్యాటరీ 1,800 వాటు గంటలు. సీసపు బ్యాటరీని అడుగంట తోడినచో దాని ఆయువు తఱుగును. అందుచేత ప్రతిదినము సగమే వాడుట మేలు. మిగిలినది 900. ఇన్వర్టరునందు అయిదవవంతు నష్టమగునని తీసివేయగా 720. దీనిని 204తో భాగింపగా మూడున్నర గంటలు. అదే పందిరిక్రింద 30 వాటుల క్రొత్తరకపు పంకాలు వేసినచో మొత్తము 114 వాటులే యగును. అదే బ్యాటరీ ఆఱు గంటలకు పైగా నడచును. బ్యాటరీ మార్చకయే చదువుకొను సమయము ఇంచుమించు రెండింతలైనది. పాత్ర పెద్దది కొనుటకంటె ముందు చిల్లులు పూడ్చుకొనుట మేలని గృహస్థులందరు నెఱుగుదురు.

లేబిలు అబద్ధమాడిన సంగతి గూడ చెప్పవలెను. 18650 ఘటములమీద 9,900 మిల్లీ ఆంపియరు గంటలని అచ్చువేసి తక్కువ ధరకు అమ్ముట కలదు. ఆ గొట్టములో పేరుగల తయారీదారులు ఇముడ్చగలిగినది సుమారు 3,500. దానిని కొంచెము మించినవి అరుదు. కుంచములో మూడు కుంచములు పోసితిమనువానిని ఎవ్వరు నమ్ముదురు? అట్టి గొట్టములోని నిజమైన సరకు తఱచు వేయికి అటునిటుగనే యుండును. అట్లే నికెలు పెన్సిలు సెల్లుమీద 1,900 మొదలు 2,700 వఱకు సహజము. 4,000 అనునది అబద్ధము. ఏఏఏ సెల్లునకు వేయి యను అంకెయే చాల ఎక్కువ. తూకమొక పరీక్ష. మంచి 18650 ఘటము సుమారు 45 గ్రాములు తూగును. ముప్పదికి దిగినచో అనుమానింపవలెను. అయితే తూగినంత మాత్రమున మంచిదని చెప్పరాదు. వాడి గంటలు లెక్కించుటయే తుది పరీక్ష. లిథియం ఘటములకును, పవర్‌బ్యాంకులకును భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు ఉండవలెను. లేబిలుమీద ఆ సంస్థ గుర్తును, ఆర్ అక్షరముతో మొదలగు సంఖ్యయు చూడదగినవి. ఆ గుర్తు ముఖ్యముగా భద్రతకు సంబంధించినది.

నింపుట, కాపాడుట యందు కొన్ని నియమములు. పాఱవేయు సెల్లును నింపబూనరాదు. కారును, ఒక్కొక్కప్పుడు పగులును. క్రొత్త సెల్లును పాత సెల్లుతో, పెద్ద సామర్థ్యము గల దానిని చిన్నదానితో జతచేయరాదు. ముందుగా రిక్తమైన దానిమీద మిగిలిన వాని భారము పడి అది చెడును. 2,000 అంకె గల నికెలు సెల్లును 200 మిల్లీ ఆంపియర్ల నెమ్మది చార్జరుతో నింపుటకు పది గంటలు చాలవు. నష్టముండుటచేత పదునాలుగు మొదలు పదునాఱు గంటలు పట్టును. పాతరకపు నికెలు సెల్లులు వాడకున్నను నెలకే గణనీయముగా తఱుగును. 2005లో జపానున వెలువడిన రకము మొదలు చాలకాలము నిలువయుండునవి దొరకుచున్నవి. అరుదుగా వాడు టార్చిలైటునకు అంకె కొంత తక్కువైనను అవియే మేలు. ఉబ్బిన లిథియం ఘటమును గ్రుచ్చరాదు, నొక్కరాదు, నింపరాదు. సీసపు బ్యాటరీలో స్వేదనజలమునే పోయవలెను, బావినీరు పోయరాదు. దానికి గాలి ఆడు తావు కావలెను. నింపునప్పుడు వెలువడు హైడ్రోజను వాయువు నిప్పురవ్వకు అంటుకొనును.

ఘటమునకును ముదిమి కలదు. నింపి వాడినకొలది దాని సామర్థ్యము తఱుగును. క్రొత్తనాటి సామర్థ్యమున నూటికి ఎనుబది పాళ్ళకు దిగినచో దాని ఆయువు తీరినట్లు లెక్కకట్టుట వాడుక. ముదిసిన బ్యాటరీని చెత్తకుప్పలో గాని, చెఱువుగట్టున గాని పాఱవేయరాదు. సీసము పిల్లల బుద్ధిని మందగింపజేయు విషము. ఆమ్లము నేలను చెఱచును. 2022లో భారతప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమములను బట్టి వాడిన బ్యాటరీలను తిరిగి చేర్చుకొను బాధ్యత తయారీదారులమీద నున్నది. పాత ఇన్వర్టరు బ్యాటరీని అంగడివానికే తిరిగి యిచ్చి, దాని ధరను క్రొత్తదాని వెలలో తగ్గింపించుకొనుట ధర్మమును, లాభమును గూడ.

సభాసదులారా, చెప్పినదంతయు నాలుగు ప్రశ్నలలో ఇముడును. అంగడివాని ముందు నిలిచినపుడు అడుగవలసినవి ఇవి. ఈ ఘటము నా పనిముట్టు గూటిలో ఇముడునా? దీని వోల్టు ఎంత? ఆంపియరు గంటలను దానితో గుణించిన వాటు గంటలెన్ని? ఆ అంకె ఎన్ని గంటలలో తీసినప్పటి లెక్క? ఈ నాలుగింటికి ఉత్తరము చెప్పలేని సరకును, చెప్పుటకు విసుగుకొను వర్తకుని విడిచిపెట్టినను నష్టము లేదు.

ఒక్కరి అనుభవము ఒక్కరితోనే పోవుట పల్లెలకు గల పెద్ద నష్టము. గ్రంథాలయమునం దొక చిట్టా తెఱచుట మంచిది. బ్యాటరీ కొనిన ప్రతివారును కొన్న తేదీ, లేబిలుమీది అంకెలు, చెల్లించిన ధర, నిజముగా నడచిన గంటలు అందు వ్రాయవలెను. ఆఱు మాసములకొకసారి మరల గంటలు లెక్కించి తఱుగుదల నమోదు చేయవలెను. రెండు సంవత్సరములు గడచునప్పటికి ఏ సరకు మాట నిలుపుకొన్నదో, ఏది నిలుపుకొనలేదో ఊరివారి చేతివ్రాతలోనే కానవచ్చును. అప్పుడు కొనబోవువాడు ప్రకటనను గాక పొరుగువాని లెక్కను చదివి కొనును. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను జాగ్రత్తగా నెక్కించి, యిచ్చి, తిరిగి పుచ్చుకొన్న చోట ఇంకొక పుస్తకము నిర్వహించుట కష్టము కాదు. దానికి కావలసినవి ఒక నోటుపుస్తకము, ఒక కలము, నిజము వ్రాయు నియమము.

స్వస్తి.